చుట్టాల గ్రూపు: పదేళ్లు వాడాక

మార్కులు ముందే చెప్పేస్తే మంచిది. దూరాన ఉన్న చుట్టాల విషయంలో వాట్సాప్ కుటుంబ గ్రూపుకి ఐదుకి నాలుగున్నర ఇవ్వొచ్చు. ఊళ్లోనే ఉన్న చుట్టాల దగ్గరికొచ్చేసరికి రెండు దాటవు. యాప్ అదే, మనుషులూ వాళ్లే, మార్కుల్లో ఇంత తేడా ఎందుకొస్తుందో చెప్పడానికే ఈ సమీక్ష. విశాఖలో రెండు చుట్టాల గ్రూపులు, ఒక అపార్ట్‌మెంటు గ్రూపు, ఒక పాత బ్యాచ్ గ్రూపు పదేళ్లకు పైగా నడిపినప్పుడు తేలిన సంగతులివి.

దూరం సంగతి ముందు. ఈ ఊళ్లో కాస్త పెద్ద కుటుంబమైతే ఒకరు అమెరికాలో, ఒకరు ఓడ మీద, ఒకరు స్టీల్ ప్లాంటులో రాత్రి డ్యూటీ, అంటే సీ షిఫ్టులో ఉండటం మామూలే. ముగ్గురూ ఒకే వేళకి ఫోనుకి దొరకరు. న్యూజెర్సీకీ మనకీ వేసవిలో తొమ్మిదిన్నర గంటల తేడా, చలికాలంలో పదిన్నర. కాలిఫోర్నియాకైతే పన్నెండున్నర, పదమూడున్నర. మార్చిలో, నవంబరులో వాళ్లు గడియారం మార్చుకున్న వారం ఇక్కడి పెద్దవాళ్లు లెక్క తప్పి, పిల్లలు నిద్రలో ఉండగానో ఆఫీసులో ఉండగానో ఫోన్ చేసి "ఎత్తట్లేదు" అని బాధపడతారు. పంపిన మాట అక్కడే ఉండి, అవతలివాళ్లు లేచాక వినబడటమే ఈ యాప్ చేసిన అసలు ఉపకారం. ఒకప్పుడు ఉత్తరం చేసిన పనే, కాకపోతే పోస్టుమ్యాన్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

అందులోనూ ఎక్కువ మార్కులు వాయిస్ మెసేజ్‌కి. తెలుగు టైపింగ్ రాని అమ్మమ్మలకి ఇదొక్కటి నేర్పితే మిగతావన్నీ నేర్పకపోయినా నష్టం లేదు. మైకు గుర్తు మీద వేలు నొక్కిపట్టి పైకి జరిపితే తాళం పడుతుంది, ఆ తర్వాత వేలు తీసేసి తీరిగ్గా మాట్లాడొచ్చు. పెద్దవాళ్లు చేసే తప్పు వేలు పక్కకి జారనివ్వడం. అలా జారితే చెప్పిందంతా రద్దయిపోతుంది, రెండోసారి చెప్పమంటే మొదటిసారి ఉన్న గొంతు ఉండదు. నిమిషం, నిమిషంన్నర మించకుండా చెప్పడం మేలు. నాలుగు నిమిషాల వాయిస్‌ని వినేవాళ్లు ఒకటిన్నర రెట్లు వేగంలో పెట్టి పరుగెత్తిస్తారు, అమ్మమ్మ గొంతు కాస్తా వేలంపాట గొంతైపోతుంది. ఇద్దరి మధ్య పంపిన వాయిస్ విన్నాక మైకు గుర్తు నీలంగా మారుతుంది. బ్లూ టిక్కులు ఆపేసుకున్నా ఇది మాత్రం ఆగదు, అంచేత "చూళ్లేదు పిన్నీ" అనే సాకు ఇక్కడ పనిచేయదు.

వాయిస్ పంపేటప్పుడు గ్రూపులో కాకుండా విడిగా, పేరు పెట్టి పిలిచి పంపాలి. అందరికీ కలిపి చెప్పిన మాట ఎవరికీ చెప్పినట్టు కాదు. అమెరికా పరిశోధకులు మొయిరా బర్క్, రాబర్ట్ క్రౌట్ ఫేస్‌బుక్ వాడేవాళ్ల మీద చేసి 2016లో వెలువరించిన పరిశోధనలో తేలింది కూడా దీనికి దగ్గరగానే ఉంది. దగ్గరివాళ్లు ప్రత్యేకంగా తనకోసం రాసిన మాటలకీ మనసు కుదుటపడటానికీ సంబంధం కనబడింది. ఒక్క నొక్కుతో వచ్చే లైకులకీ, అందరి కోసం పెట్టిన పోస్టులు చూడటానికీ అలాంటి సంబంధం కనబడలేదు. మన గ్రూపులో పుట్టినరోజు గుర్తు తెచ్చుకోండి. ఉదయం ఆరింటికి ఒకరు కేకు బొమ్మ పెడతారు, పదింటికల్లా నలభై కేకులు. పుట్టినరోజు మనిషి అందరికీ కలిపి ఒక దండం బొమ్మ పెడతాడు. నలభైమందిలో ఫోన్ చేసినవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఆ నలభై బొమ్మలూ లేకపోతే పదిమందైనా చేసేవారేమో. శుభాకాంక్షలు చెప్పేశామన్న తృప్తి గ్రూపులోనే తీరిపోతుంది, చెయ్యాల్సిన ఫోను అక్కడితో ఆగిపోతుంది.

ఊళ్లో చుట్టాలకి మార్కులు పడిపోయేది ఇక్కడే. గాజువాకలో అన్న, మధురవాడలో తమ్ముడు. మధ్యలో ఎన్.ఎ.డి. జంక్షన్ దగ్గర, మద్దిలపాలెం దగ్గర ఆగుతూ పోతే బస్సులో గంట పైనే. రోజూ గ్రూపులో కనబడుతూనే ఉన్నాడు కదా అని ఆ గంట ప్రయాణం వాయిదా పడుతుంది. న్యూజెర్సీ మేనల్లుడి ఇంట్లో ఏ కూర వండారో తెలుస్తుంది, మధురవాడలో మరదలికి మోకాలి నొప్పి ముదిరిందని తెలీదు, ఎందుకంటే మోకాళ్ల ఫోటో ఎవరూ పెట్టరు. జెఫ్రీ హాల్ అనే పరిశోధకుడు 2018లో వేసిన లెక్క ప్రకారం పరిచయం మామూలు స్నేహం కావడానికి ఇద్దరూ కలిసి సుమారు 50 గంటలు గడపాలి, దగ్గరి స్నేహానికి 200 గంటలు దాటాలి. చుట్టరికం పుట్టుకతోనే వస్తుంది కాబట్టి ఆ లెక్క మనకి అచ్చంగా వర్తించకపోవచ్చు. అయినా గంటలు పడకపోతే చుట్టరికమూ పేరుకే మిగులుతుంది. గ్రూపు చూస్తూ గడిపిన టైము ఈ గంటల్లోకి రాదు.

గొడవలు ఎక్కడ పుడతాయో చెప్తే కొత్తగా అడ్మిన్ అయినవాళ్లకి పనికొస్తుంది. మొదటిది శుభలేఖ. గ్రూపులో పీడీఎఫ్ పెట్టి "ఇదే పిలుపుగా భావించండి" అని రాస్తే, మేనత్తలు భావించరు. బొట్టు పెట్టి పిలవాల్సిన ఇల్లు బొట్టు పెట్టే పిలవాలి. వరస ఇలా పెట్టుకుంటే పేచీ రాదు: పెదనాన్నలు, మేనత్తలు, మేనమామల ఇళ్లకి మనిషి వెళ్లాలి. పైఊళ్లలో ఉన్న పెద్దలకి ఇంటి పెద్దే ఫోన్ చెయ్యాలి, పిల్లల చేత చేయించకూడదు. ఈ రెండూ పూర్తయ్యాకే గ్రూపులో కార్డు. విడివిడిగా కార్డు పంపేటప్పుడు, ఇంట్లో ఇంకొకరు మనకి పంపిన కార్డునే ఇంకో చాట్‌కి ఫార్వర్డ్ కొట్టొద్దు, పైన "ఫార్వర్డెడ్" అని పడుతుంది, అది చూసినవాళ్లకి ఎవరికో వచ్చిన పిలుపు తమ మీదికి తోసినట్టు ఉంటుంది. ఫోన్‌లో దాచుకున్న ఫైలుని ప్రతిసారీ అటాచ్ చేసి, పైన "అత్తయ్యా, మావయ్యా" అని వరస పెట్టి ఒక్క ముక్క రాస్తే ఆ గుర్తు పడదు. వందమందికి అంత ఓపిక లేదనుకునేవాళ్లు బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడతారు. అందులో 256 మంది వరకూ పడతారు. అయితే మన నంబరు సేవ్ చేసుకోనివాళ్లకి ఆ మెసేజ్ అందదు, అందలేదని మనకి గట్టిగా తెలియదు. పెళ్లయిన వారానికి "మమ్మల్ని మర్సిపోనారేటి?" అని వచ్చే ఫోన్లలో కొన్నిటికి కారణం ఇదే.

రెండోది స్టేటస్. 24 గంటలే ఉంటుంది గానీ అది చేసే పని ఏడాది ఉంటుంది. గృహప్రవేశం దగ్గరివాళ్లతో కానిచ్చేద్దామనుకుంటారు, సాయంత్రానికి అక్కడికొచ్చిన పాతికమందిలో ఎవరో ఒకరు స్టేటస్ పెడతారు, పిలుపు అందని ఇల్లు అది చూస్తుంది. ఎవరు చూశారో పెట్టినవాళ్లకి చాలావరకు కనబడుతుంది కాబట్టి, చూసి ఊరుకున్నారన్నది కూడా ఇంకో తగువు. ప్రైవసీలో కొందరికి కనబడకుండా చేసుకునే వీలుంది గానీ మీ స్టేటస్‌కే, వచ్చిన బంధువుల స్టేటస్‌కి మీరేం చేయలేరు. చిన్న కార్యక్రమమైతే భోజనాలప్పుడే "ఫోటోలు ఎల్లుండి దాకా పెట్టకండి" అని నోటితో చెప్పడం ఒక్కటే దారి. లేదా ముందురోజే పిలవనివాళ్లకి ఫోన్ చేసి, ఇలా చిన్నగా చేసుకుంటున్నాం అని చెప్పేయడం. రెండోదే మెరుగు, ఒప్పుకుంటాం, కష్టం కూడా అదే.

మూడోది బ్లూ టిక్కులు. ఒక టిక్కు పడి అక్కడే ఆగితే అవతలి ఫోన్ ఆఫ్ అయినా కావచ్చు, నెట్ లేకపోయినా కావచ్చు. రెండు బూడిద టిక్కులంటే చేరింది. నీలమంటే చాట్ తెరిచారని మాత్రమే, చదివారని కాదు. పెద్దాయన గ్రూపు తెరిచి, మనవడి ఫోటో కోసం పైకీ కిందికీ జరిపేస్తే మధ్యలో ఉన్న ముప్పై మెసేజీలూ చదివినట్టే లెక్క. గ్రూపులో ఈ గుర్తుని ఆపుకునే వీలు లేదు, తాము పెట్టిన మెసేజ్ నొక్కిపట్టి ఇన్ఫో చూస్తే ఎవరెవరు చూశారో గంటా నిమిషాలతో సహా వస్తుంది. ఆ ఇన్ఫో చూసే అలవాటు ఉన్న చుట్టం ఒక్కరు చాలు, గ్రూపు పోలీస్ స్టేషనైపోడానికి. ముఖ్యమైన సంగతికి జవాబు రాకపోతే టిక్కులు లెక్కపెట్టొద్దు, ఫోన్ చెయ్యండి.

డిలీట్ కూడా ఇంతే. రెండు రోజుల పై చిలుకు వరకూ అందరి దగ్గరా చెరిపేయొచ్చు గానీ "మెసేజ్ డిలీట్ అయింది" అన్న గీత అక్కడ మిగులుతుంది, అసలు మాట కన్నా ఆ గీతే ఎక్కువ అనుమానం పెడుతుంది. అక్షరం తప్పయితే 15 నిమిషాల్లోపు ఎడిట్ చేసుకోవచ్చు, అది హాయి. కంగారులో "డిలీట్ ఫర్ మీ" నొక్కేస్తే మీకొక్కరికే మాయమై మిగతా అందరికీ ఉండిపోతుంది. కింద కొన్ని క్షణాల పాటు అన్‌డూ కనిపిస్తుంది, వెంటనే పట్టుకోవాలి.

ఫార్వర్డుల గురించి అందరికీ తెలిసిందే కాబట్టి రెండు ముక్కలు. జంట బాణాలు ఉంటే చాలా చేతులు మారిందని అర్థం, దాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది. రాజకీయాలకి విడిగా ఒక గ్రూపు పెట్టి, ఇష్టమున్న బాబాయిలని అందులోకి పంపేస్తే ఇటు ప్రశాంతం. రక్తం కావాలనే మెసేజీలు మాత్రం వేరే కోవ. కేజీహెచ్ (ఊళ్లోని పెద్ద ప్రభుత్వాసుపత్రి)లో ఫలానా గ్రూపు రక్తం అర్జెంటు అని వచ్చినదాంట్లో తారీఖు, వార్డు, అటెండెంట్ నంబరు లేకపోతే పంపొద్దు. ఉంటే ముందు ఆ నంబరుకి ఫోన్ చేసి, అవసరం ఇంకా ఉందని తేలాకే పంపాలి. ఏళ్ల నాటి అర్జెంటులు ఇంకా తిరుగుతూనే ఉంటాయి. తారీఖు ఉన్న మెసేజ్ అయితే అపార్ట్‌మెంటు గ్రూపు, పాత బ్యాచ్ గ్రూపు లాంటి పలచని పరిచయాలే చుట్టాల కన్నా త్వరగా పని చేస్తాయి. మార్క్ గ్రానొవెటర్ అనే సమాజ శాస్త్రవేత్త 1973లో ఉద్యోగాల గురించి చెప్పిందీ ఇదే తీరు: మన దగ్గరివాళ్లకి తెలిసింది మనకీ తెలిసే ఉంటుంది, కొత్త కబురు కాస్త దూరపు పరిచయం నుంచే వస్తుంది. ఎం.వి.పి. కాలనీలో అద్దె ఇల్లు దొరికినా, ఇంట్లో పనికి మనిషి దొరికినా ఎక్కువగా ఆ దారినే.

చావు కబురు విషయంలో ఒక నియమం పెట్టుకోవడం మంచిది. కొడుకులకి, కూతుళ్లకి, తోబుట్టువులకి ఫోన్ వెళ్లేదాకా గ్రూపులో ఒక్క అక్షరం పడకూడదు. సీ షిఫ్టులో ఉన్నవాడు టీ తాగుతూ గ్రూపు తెరిచి "ఓం శాంతి" చూసి, ఎవరికో అని పైకి జరుపుకుంటూ పోయి సొంత తల్లి పేరు చదవడం ఎవరికీ రాకూడదు. ఫోన్లు ఎవరు చేస్తారో, ఏ వరసలో చేస్తారో ఇంట్లో ముందే అనుకుని ఉండాలి. అది అపశకునం అనుకునేవాళ్లుంటే అడ్మిన్ ఒక్కడైనా మనసులో అనుకుని ఉండాలి.

పెద్దవాళ్ల ఫోన్ నిర్వహణ మీద ఎవరూ రాయరు గానీ, గ్రూపు నుంచి పెద్దలు జారిపోయేది కోపంతో కాదు, స్టోరేజ్ నిండి. 32 జీబీ ఫోన్‌లో గుడ్ మార్నింగ్ పువ్వులు, వీడియోలు నిండిపోయాక ఫోటోలు తెరుచుకోవు, వాయిస్ దిగదు, "నాకేం రావట్లేదు" అని ఊరుకుంటారు. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా తెరిచి ఆటో డౌన్‌లోడ్ మొత్తం ఆపేయండి. అక్కడే మేనేజ్ స్టోరేజ్‌లో చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి, 5 ఎంబీ దాటినవి విడిగా చూపిస్తుంది, మొదటి గంప మొత్తం పారేయొచ్చు, రెండోదాంట్లో పెళ్లి వీడియోలు ఉంటాయి కాబట్టి చూసి తీయాలి. నెలకోసారి ఈ పనికి మనవడు ఇంటికి వెళ్తే ఫోన్ బాగుపడుతుంది, వెళ్లిన పుణ్యమూ దక్కుతుంది.

గ్రూపు నుంచి బయటికి పోదామనుకునేవాళ్లకి: 2022 నుంచి వెళ్లిపోయిన సంగతి అడ్మిన్‌లకే వస్తుంది, అందరికీ చాటింపు వేయదు. అయినా గత 60 రోజుల్లో వెళ్లినవాళ్ల పేర్లు సభ్యులు వెతికితే కనబడతాయి. చుట్టాల గ్రూపులో ఆర్కైవ్ చేసి మ్యూట్ పెట్టుకోవడమే తెలివి. మొత్తానికే మానేస్తే బతుకు మారిపోతుందని చెప్పేవాళ్లని పెద్దగా నమ్మక్కర్లేదు. అమెరికాలో 2018లో కొందరి చేత నాలుగు వారాలు ఫేస్‌బుక్ ఆపించి చూశారు. రోజుకి సగటున గంట మిగిలింది, ఇంట్లోవాళ్లతోనూ స్నేహితులతోనూ గడిపే వేళ పెరిగింది. ఒంటరిగా టీవీ చూడటం కూడా పెరిగింది.

గ్రూపుకి నిజంగా సరిపడే పని ఇంకొకటుంది, కూడికలు. కార్తీకమాసం వనభోజనాలకి ఎంతమంది, ఏ ఆదివారం అని పోల్ పెడితే సాయంత్రానికి తేలిపోతుంది. ఆషాఢ పున్నమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు కలిసి నడిచే కుటుంబాలకి లైవ్ లొకేషన్ ఎనిమిది గంటల వరకూ పెట్టుకునే వీలుంది. ఆ గుంపులో నెట్ సరిగా అందదు, కాబట్టి ఎక్కడ ఆగి కలుసుకోవాలో బయల్దేరే ముందే నోటితో అనుకోవాలి. వెళ్లి కలవడానికి వాడినంతసేపూ ఊళ్లో చుట్టాలకి కూడా ఈ యాప్‌కి నాలుగు మార్కులు పడతాయి.

మార్కులు పూర్తిగా కోసేయాల్సింది ఒక్క చోట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరిని కొట్టినప్పుడు కరెంటుతో పాటు సెల్ టవర్లూ పడిపోయాయి, రోజుల తరబడి చాలా కాలనీలకి ఫోన్ లేదు. ఎవరు ఎలా ఉన్నారో తెలియాలంటే పడిపోయిన చెట్లు దాటుకుంటూ నడిచి వెళ్లడమే. ఇప్పుడు మనవాళ్ల నంబర్లే కాదు, కొందరి ఇళ్ల అడ్రసులూ చాట్‌లో లొకేషన్ పిన్‌గానే ఉన్నాయి, డోర్ నంబరు ఎవరికీ నోటికి రాదు. పదిళ్ల పేర్లు, డోర్ నంబర్లు, ఫోన్ నంబర్లు, దగ్గర్లో గుడో స్కూలో గుర్తు ఒక కాగితం మీద రాసి, బీరువా తలుపు లోపలివైపు అంటించి పెట్టుకోండి. రాసేటప్పుడు ఎవరి డోర్ నంబరు తెలియదో వాళ్లింటికి ఈ ఆదివారమే వెళ్లి చూసి రండి.