అరకు కాఫీకి బ్లాక్‌చెయిన్: మూడు సీజన్లు వాడాక

బెంగళూరు పీణ్యాలో మాదో కాఫీ రోస్టింగ్ యూనిట్. అరకు, పాడేరు వైపు రైతు సంఘాల దగ్గర పార్చ్‌మెంట్ (పైపొర తీయకుండా ఎండబెట్టిన కాఫీ గింజ) కొని, కర్ణాటకలోని హాసన్‌లో క్యూరింగ్ (ఆ పొర తీసి గ్రేడ్ చేయడం) చేయిస్తాం. కొంత ఇక్కడే వేయించి అమ్ముతాం, మిగతా గ్రీన్ బీన్స్ (వేయించని గింజలు) చెన్నై పోర్టు మీదుగా యూరప్ వెళ్తాయి. ఈ మొత్తం వ్యవహారం బ్లాక్‌చెయిన్ మీదికి, అంటే భాగస్వాములంతా పంచుకునే డిజిటల్ చిట్టా మీదికి, ఎక్కి మూడు సీజన్లు దాటింది. సరుకు లెక్కలు చూసేది నేనే కాబట్టి రోజూ దానితోనే పని.

సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ అనే బ్లాక్‌చెయిన్ వేదిక మీద కట్టారు. బిట్‌కాయిన్‌లా మైనింగ్ ఉండదు, అనుమతి ఉన్నవాళ్లే ఎంట్రీలు వేస్తారు. పాత ఎంట్రీని గుట్టుగా మార్చడం కుదరదు. తప్పు పడితే దిద్దుబాటు ఇంకో ఎంట్రీగా చేరుతుంది, రెండూ అందరికీ కనిపిస్తాయి.

దీని విలువ నాకు తెలిసొచ్చింది తేమ గొడవలో. ఒక లాట్‌లో తేమ 12 శాతం దాటిందని, రైతులు సరిగ్గా ఎండబెట్టలేదని క్యూరింగ్ వాళ్లు ధర కోస్తామన్నారు. ఇదివరకైతే నాలుగు రోజులు ఫోన్లు నడిచి, చివరికి రైతే తగ్గేవాడు. ఈసారి రికార్డు తెరిచాం. లారీ ఎక్కించేముందు సంఘం వాళ్లు కొలిచిన 10.8, మీటరు ఫొటోతో సహా ఉంది. గోడౌన్‌లో సరుకు దించిన తేదీకీ మళ్లీ కొలిచిన తేదీకీ మధ్య వారం పైనే తేడా, ఆ వారమంతా తుఫాను ముసురు. ఇంకెవరూ మాట్లాడలేదు. రైతులకు పూర్తి డబ్బు అందింది.

ఇంకో లాభం కల్తీకి అడ్డుకట్ట. 2019లో జీఐ ట్యాగ్ (ఆ ప్రాంతపు సరుకే అని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చాక అరకు పేరుకు మంచి ధర పలుకుతోంది, పక్క సరుకు కలపాలన్న ఆశా పెరిగింది. వేయిస్తే గింజ బరువు పన్నెండు శాతం పైనే తగ్గుతుంది. అందుకని వెయ్యి కిలోల గ్రీన్ లోపలికొస్తే, తొమ్మిది వందల కిలోలకు మించి ప్యాకెట్ల లేబుళ్లు ప్రింట్ కాకుండా స్మార్ట్ కాంట్రాక్ట్‌లో (బ్లాక్‌చెయిన్ మీద షరతులను తానే అమలు చేసే ప్రోగ్రామ్‌లో) నిబంధన పెట్టించాం.

అయితే ఎంట్రీ నిజమో కాదో బ్లాక్‌చెయిన్‌కు తెలియదు. క్యూఆర్ స్టిక్కర్ గోనె మీద నిలవదు, లారీలో రాపిడికి ఊడిపోతుంది. ఇప్పుడు గుడ్డ ట్యాగ్‌ను సంచి మూతితో కలిపి కుట్టిస్తున్నాం. అయినా లోపలి గింజ మారిస్తే పట్టేది కప్పింగే (కాఫీ కలిపి రుచి చూసే పరీక్ష), అది మానలేదు. రియల్ టైమ్ అన్న మాట కూడా నమ్మకండి. కొండల్లో సిగ్నల్ ఉండదు, ఫోన్‌లో నింపి పెట్టుకుని పాడేరు వచ్చాకే అప్‌లోడ్ చేస్తారు. ఆ పని చేసే సంఘం అమ్మాయిలకు మొదట్లో పైసా ఇచ్చేవారు కాదు. అది అన్యాయం. ఇప్పుడు సంచికి ఇంత అని మేం ఇస్తున్నాం.

వాల్‌మార్ట్‌లో మామిడి ముక్కల మూలం వెతకడానికి ఏడు రోజులు పట్టేది బ్లాక్‌చెయిన్‌తో 2.2 సెకన్లకు దిగిందని ఈ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లంతా చెబుతారు. నిజమే, కానీ ఆ వివరాలన్నీ ముందే ఎవరో ఎక్కించి ఉండాలి కదా. ఓడ రవాణా సంస్థ మెర్స్క్, ఐబీఎం కలిసి 2018లో సరుకు రవాణా కోసం తెచ్చిన ట్రేడ్‌లెన్స్ అనే బ్లాక్‌చెయిన్ వేదికనే చూడండి. సాఫ్ట్‌వేర్ బాగానే నడిచింది, పరిశ్రమలో మిగతావాళ్లు తగినంతగా కలిసిరాక 2022 నవంబరులో మూసేస్తున్నట్టు ప్రకటించారు.

ఇలాంటి సాఫ్ట్‌వేర్ కొనేముందు ఒక్కటి గట్టిగా అడగండి: నోడ్లు (చిట్టా నకలు ఉండే కంప్యూటర్లు) ఎవరి చేతిలో ఉంటాయి? మాకు మొదట అన్నీ ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ క్లౌడ్‌లోనే పెట్టారు. అలాంటప్పుడు మామూలు డేటాబేస్‌కూ దీనికీ తేడా ఏముంది? పట్టుబట్టి ఒకటి మా సర్వర్‌కూ, ఒకటి యూరప్ కొనుగోలుదారు దగ్గరికీ మార్పించాం. అడవి నరికిన భూమిలో పంట కాదని, తోట ఎక్కడుందో లొకేషన్‌తో సహా చూపాలని యూరప్ 2023లో చట్టం చేసింది. అది బ్లాక్‌చెయిన్ వాడమని చెప్పదు గానీ, మా రికార్డులను కొనుగోలుదారు ప్రశ్నలు లేకుండా తీసుకుంటున్నాడంటే కారణం ఆ నోడే.

పొలం నుంచి ప్యాకెట్ దాకా మీ ఒక్కరి చేతిలోనే ఉంటే ఇది వద్దు, ఈఆర్‌పీ (కంపెనీ లెక్కలు, సరుకు చూసుకునే మామూలు సాఫ్ట్‌వేర్) చాలు. మేం మాత్రం కొనసాగిస్తున్నాం. వచ్చే పంటకల్లా రైతు సంఘానికీ సొంత నోడ్ ఉండాలని అడిగాం, ఖర్చు ఎవరు భరించాలన్న దగ్గర బేరం నడుస్తోంది.