నాలుగేళ్లు నడిపాక రాస్తున్నా: మన రైళ్లు, మన బస్సుల స్కేల్ మోడళ్లు

డబ్బా విప్పిన రోజే ఫొటోలు పెట్టి సూపర్ అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నాలుగేళ్లు నడిపాక ఏది అరిగింది, ఏది ఊడింది, ఏది ఇప్పటికీ చెక్కుచెదరలేదు అన్నది రాసినవాళ్లు నాకు పెద్దగా కనబడలేదు, అందుకే కొనాలనుకునే మనవాళ్లకు పనికొస్తుందని కూర్చుని రాస్తున్నా. మాది తిరుపతి. మిద్దె మీది గదిలో బల్ల మీద పట్టాలు పరిచి చేసుకున్న బుల్లి రైలు లేఅవుట్ ఉంది. దాని మీద లల్లాగూడ షెడ్డు డబ్ల్యూఏపీ-7 కరెంటు ఇంజను, వెనకాల నారాయణాద్రి బోర్డులతో ఆరు ఎల్‌హెచ్‌బీ (ఇప్పటి కొత్త రకం) కోచ్‌లు, స్టేషన్ బయట ఒక చిన్న సప్తగిరి (తిరుమల కొండకెళ్లే ఆర్టీసీ) బస్సు. కింద హాల్లో అద్దాల బీరువాలో పెద్ద సైజు పల్లెవెలుగు ఒకటి. రైలు, చిన్న బస్సు ఒక చిన్న వర్క్‌షాప్ వాళ్లు త్రీడీ ప్రింటింగ్‌తో చేసినవి, పల్లెవెలుగు మాత్రం షీట్లు కోసి అతికించి చేత్తో చేసే ఒక కుర్రాడిది. పేర్లు రాయను, ఎవరి దగ్గర కొన్నా చూసుకోవాల్సినవే చెబుతాను.

నా మాట మొదటే చెప్పేస్తాను. మోడల్ నాణ్యత పైనుంచి చూస్తే తెలియదు, తిరగేసి అడుగు చూస్తే తెలుస్తుంది. రంగులు, స్టిక్కర్లు ఇవాళ అందరూ బాగానే వేస్తున్నారు, ఫొటోలో అన్నీ ముద్దుగానే ఉంటాయి. ఏళ్ల తరబడి నడవాలంటే చక్రాలు, బరువు, గేర్లు, ఒక బండిని ఇంకో బండికి తగిలించే కప్లింగులు బాగుండాలి, వాటిని ఎవరూ ఫొటో తీసి పెట్టరు.

కొలతల గురించి కొంచెం చెప్పుకోవాలి. నా రైలు హెచ్‌ఓ సైజుది, హెచ్‌ఓ అంటే అసలు బండిలో 87వ వంతు. ఎల్‌హెచ్‌బీ కోచ్ పొడవు 23.54 మీటర్లు కాబట్టి మోడల్ 27 సెంటీమీటర్లు రావాలి, వెడల్పు 3.24 మీటర్లకు 37 మిల్లీమీటర్లు రావాలి. స్కేలు పెట్టి కొలిచాను, ఎక్కడా తగ్గించలేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే చిన్న గుండ్రటి ట్రాక్ మీద కూడా తిరగాలని కోచ్‌ని పొట్టిగా చేసి అమ్మేవాళ్లున్నారు, అలాంటి దాన్ని కిటికీలు లెక్కపెట్టి పట్టేయొచ్చు. పూర్తి పొడవు కోచ్ కొంటే మలుపు కూడా పెద్దదిగా ఉండాలి. సెట్లతో వచ్చే 18 అంగుళాల వ్యాసార్ధం మలుపులో ఈ కోచ్‌ల నడుము లోపలికి, చివరలు బయటికి వచ్చేసి పక్క లైన్లో ఉన్న బండిని రాసుకుంటూ పోతాయి, కప్లింగులు లాగేసుకుని పట్టాలు దిగుతాయి. 24 అంగుళాలకు తగ్గకూడదు, 30 ఉంటే చూడ్డానికి కూడా బాగుంటుంది. 24 అంగుళాలకే నాలుగున్నర అడుగుల వెడల్పు బల్ల కావాలి, ఆ జాగా ఉందో లేదో చూసుకున్నాకే కోచ్‌లకు డబ్బు కట్టండి.

ఇంకో కొలత గురించి నన్ను చాలామంది అడుగుతుంటారు. గేజ్ అంటే రెండు పట్టాల మధ్య దూరం, మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్లు దాటుతుంది. మోడల్ నడిచేది మాత్రం 16.5 మిల్లీమీటర్ల ట్రాక్ మీద, అది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌కి సరిపోయే కొలత. అందుకే ఎదురుగా నిలబడి చూస్తే ఇంజను ఒళ్లు వెడల్పుగా, చక్రాలు కాస్త లోపలికి ఉన్నట్టు కనబడతాయి. కొంతమందికి ఇది కంట్లో నలుసులా ఉంటుంది. నాకు మాత్రం అభ్యంతరం లేదు, ఎందుకంటే బజారులో దొరికే ట్రాక్, పాయింట్లు (బండి ఒక లైన్ నుంచి ఇంకో లైన్లోకి మారే చోట వేసేవి) అన్నీ 16.5వే, 19 మిల్లీమీటర్లలో కావాలంటే పట్టాల దగ్గర్నుంచి మనమే చేసుకోవాలి.

ఇక అడుగు సంగతి. మా వీధిలో ఒక పెద్దాయన ఇక్కడి రైల్వే క్యారేజ్ రిపేర్ షాపులో పనిచేసి రిటైరయ్యారు. ఒక ఆదివారం మేడమీదికి వచ్చి, నడుస్తున్న రైలును చూసి నవ్వి, ఆగగానే ఒక కోచ్ చేతిలోకి తీసుకుని వెల్లకిలా తిప్పేశారు. పైనున్న ఎరుపు బూడిద రంగుల్ని చూడనే లేదు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, గోటితో ఇరుసు దగ్గర తాకి, "నాయనా, ఇరుసుకి రెండేసి డిస్కులు పెట్టినాడే, ఎవురు చేసినారు ఇది?" అన్నారు. ఎల్‌హెచ్‌బీలో బ్రేకు డిస్కులు ఇరుసు మీదే ఉంటాయి, పాత ఐసీఎఫ్ కోచ్‌లో బ్రేకు బ్లాకులు చక్రాన్ని పట్టుకుంటాయి. ఈ తేడా తెలిసి చేసినవాడు మిగతావి కూడా తెలిసే చేసి ఉంటాడని ఆయన లెక్క, నాకూ అదే నిజమనిపించింది. తర్వాత ఇంకో అమ్మకందారు నీలం రంగు ఐసీఎఫ్ కోచ్‌ల సెట్టు ఫొటోలు పంపితే నేను అడిగింది అడుగు ఫొటోనే. కింద ఎల్‌హెచ్‌బీ చక్రాల ఫ్రేములు బిగించి ఉన్నాయి. పెరంబూరులో ఐసీఎఫ్ డిజైన్ కోచ్‌ల తయారీ 2018లో ఆగిపోయింది, ఆ నీలం బండ్లు పట్టాల మీద తగ్గిపోతున్నాయి, అలాంటప్పుడు మోడల్‌లో అయినా సరిగ్గా ఉండాలని నా పట్టుదల. తీసుకోలేదు.

నడక విషయానికి వస్తే మొదటి నెలల్లో కోచ్‌లు పాయింట్ల దగ్గర ఊరికే పట్టాలు దిగేవి. ఇంజను తప్పేమీ లేదు, కోచ్‌లు మరీ తేలిక. అమెరికాలోని మోడల్ రైళ్లవాళ్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ హెచ్‌ఓ బండికి ఒక ఔన్సు, దానిపైన ప్రతి అంగుళం పొడవుకి అర ఔన్సు చొప్పున బరువుండాలని సిఫారసు చేస్తుంది, మన 27 సెంటీమీటర్ల కోచ్‌కి లెక్కేస్తే సుమారు 180 గ్రాములు. తూకం వేస్తే నా కోచ్‌లు అందులో సగానికి కొంచెం ఎక్కువ తూగాయి. రేణిగుంట రోడ్డులో టైర్ల షాపుకి వెళ్లి వీల్ బ్యాలెన్సింగ్‌కి వాడే అంటించే బరువులు తెచ్చుకున్నా. అయిదు గ్రాములు, పది గ్రాముల ముక్కలుగా వస్తాయి, వెనకాల గమ్ము కూడా ఉంటుంది. పైకప్పు ఊడదీసి సీట్ల కింద, రెండు చక్రాల ఫ్రేములకు పైన సమానంగా అంటించాను. ఆ తర్వాత నుంచి బండి నడక మారిపోయింది, పాయింటు దాటేటప్పుడు చప్పుడు కూడా నిండుగా వస్తుంది. ఇది తయారు చేసేవాళ్లే చేయాల్సిన పని, నేను చెప్పాక ఇప్పుడు వాళ్లు ఇనుప పలక వేసి పంపుతున్నారని విన్నాను, సంతోషం. ప్లాస్టిక్ చక్రాలు ఇస్తే మాత్రం తీసుకోకండి. పట్టాల మీద మురికి తొందరగా పేరుకుంటుంది, లోహపు చక్రాలకి నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇచ్చేయండి.

ఇంజనులో మూడో ఏడు వచ్చిన జబ్బు గురించి వివరంగా రాయాలి, ఎందుకంటే హెచ్‌ఓ ఇంజన్లలో ఇది తరచూ వచ్చేదే. నిదానంగా నడిపేటప్పుడు టక్, టక్ అని ఒకే లయలో చప్పుడు, చప్పుడుతో పాటు చిన్న కుదుపు. మోటారు పోయిందని చాలామంది మోటారు మార్చేస్తారు. కింది మూత విప్పి ఒక్కో ఇరుసూ బయటికి తీసి, భూతద్దం పెట్టి గేరును చూడండి. ఉక్కు ఇరుసు మీద బిగువుగా దిగ్గొట్టిన ప్లాస్టిక్ గేరు ఏళ్లు గడిచేకొద్దీ వెంట్రుకంత పగులు ఇస్తుంది, ఆ పగులు దగ్గర రెండు పళ్ల మధ్య సందు పెరుగుతుంది, చక్రం తిరిగిన ప్రతిసారీ అక్కడ తట్టుకుంటుంది. నాదీ అదే. వర్క్‌షాప్ వాళ్లకి ఫొటో పంపితే "అన్నా, ఆరు ఇరుసులకీ పంపిస్తున్నాం, అన్నీ ఒకేసారి మార్చేయండి" అని పోస్టులో గేర్లు పంపారు, డబ్బు తీసుకోలేదు. నాలుగేళ్లలో నాకు బాగా నచ్చిన విషయం ఏదంటే ఇదే. ఇంజను నెత్తిన పైతీగని అందుకునే పాంటోగ్రాఫ్ ఒకటి తుడిచేటప్పుడు గుడ్డకి తగులుకుని విరిగింది, దానికి మాత్రం డబ్బు తీసుకున్నారు, అది న్యాయమే. చక్రాలకుండే రబ్బరు రింగులు ఎండిపోయాయి, మార్చాను. రంగు మాత్రం ఎక్కడా లేవలేదు.

బస్సుల దగ్గరికి వస్తా. చిన్న సప్తగిరి 87వ వంతు, పన్నెండున్నర సెంటీమీటర్ల పొడవు. కొనేముందు ఒకటి చూసుకోండి, బజారులో 76వ వంతు బస్సులే ఎక్కువ, అదే బస్సు అందులో పద్నాలుగు సెంటీమీటర్లు దాటుతుంది, హెచ్‌ఓ రైలు పక్కన పెడితే బస్సు కోచ్ కంటే పెద్ద జాతి బండిలా తేలిపోతుంది. నా దాని మీద బోర్డు తెలుగులో ఉంది, అక్షరం ఎత్తు మిల్లీమీటరున్నర కూడా లేదు, అయినా తలకట్టుతో సహా చదవొచ్చు. అంత చిన్న అక్షరం వచ్చింది నీళ్లలో నానబెట్టి అంటించే డెకాల్‌తో. వినైల్ స్టిక్కర్ అయితే అంచు మందంగా కనబడేది, రెండో వేసవికి మూలలు లేచేవి.

హాల్లో ఉన్న పల్లెవెలుగు 24వ వంతు, చెయ్యి పొడవుంటుంది. ఫోరెక్స్ అనే తేలికపాటి పీవీసీ షీటుతో చేసింది. ముందు బోర్డు మీద చిత్తూరు, వయా చంద్రగిరి అని ఉంటుంది. మా చిన్నాన్న ఆర్టీసీలో డ్రైవరు. దాన్ని చూడ్డానికి వంగి, ముందు అద్దంలోంచి లోపలికి చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏరా, నా సీటు పక్కన బానెట్ ఏదిరా? సంత రోజు దాని మీదే నలుగురు కూర్చునేవాళ్లు" అన్నాడు. నిజమే, ఇంజను ముందుండే బస్సులో డ్రైవరు ఎడమ పక్కన ఆ గూనులాంటి మూత లేకపోతే అది మన పల్లెవెలుగే కాదు. కుర్రాడికి ఆ మాట చెబితే వారంలో బానెట్ చేసి పంపాడు, పైన నల్ల రెక్సిన్ ముక్క, మూలన చిన్న చిరుగు కూడా. ఇప్పుడు అతను చేసే ప్రతి బస్సులోనూ అది ఉంటోంది. లోపం అంటే ఫోరెక్స్ షీటు అంచులే. డబుల్ టేపుతో అంటించిన చోట్ల రెండేళ్లకే విడిపోవడం మొదలైంది, నేను గమ్ము వేసి మళ్లీ అతికించాను. కిటికీలకి వాడిన పల్చటి షీటు పసుపెక్కింది. కిటికీలకి యాక్రిలిక్, అతుకులకి గమ్ము అని ఆర్డరప్పుడే చెప్పేయండి.

మన వాతావరణం గురించి వేరేగా రాయాలి. త్రీడీ ప్రింట్లలో ఎక్కువగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. తిరుపతి మే నెల ఎండలో అద్దాలు ఎక్కించి ఆపిన కారు లోపల ఆ వేడి సులువుగా వచ్చేస్తుంది, నా స్నేహితుడి కోచ్ ఒకటి అలాగే డ్యాష్‌బోర్డు మీద వంకర తిరిగిపోయింది. ఏ ప్లాస్టిక్ అని అడిగి తెలుసుకోండి, ఏబీఎస్ అయితే వేడికి ఇంకా తట్టుకుంటుంది, రెసిన్ అయితే పొరల గీతలు కనబడకుండా నున్నగా ఉంటుంది కానీ కింద పడితే పుటుక్కున విరుగుతుంది. ఇక తేమ. 2021 నవంబరు వరదల్లో మా గదిలోకి నీళ్లు రాలేదు కానీ గోడలు చెమ్మెక్కి ప్లైవుడ్ బల్ల ఉబ్బింది, ఉక్కు పట్టాలున్న ముక్కలన్నీ తుప్పు పట్టాయి. నికెల్ సిల్వర్ పట్టాలకి ఏమీ కాలేదు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ముంచిన నూలు గుడ్డతో తుడిస్తే సరిపోయింది. తిరుపతిలో ఉండేవాళ్లు ఉక్కు పట్టాల జోలికి పోవద్దు.

ధర గురించి అందరూ గొణుగుతారు. బయటి దేశం మోడల్ తెప్పించుకుంటే స్కేల్ మోడళ్లు కూడా బొమ్మల పద్దులోకే వస్తాయి, బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. పైగా డబ్ల్యూఏపీ-7 వాళ్లెవరు చేస్తారు? ఇక్కడ చేసేవాళ్లకి అచ్చు పోయించాలంటే లక్షల్లో ఖర్చు, అమ్ముడయ్యేవి పదుల్లో. అందుకే ప్రింటింగ్. ఒక్కో కోచ్ మిషన్ మీద గంటల తరబడి, తర్వాత గీతలు పోయేదాకా ఉప్పుకాగితంతో రుద్దడం, ప్రైమరు, రెండు మూడు కోట్ల రంగు, డెకాల్, దాని మీద వార్నిష్. ఇంత పని చూశాక బేరమాడటానికి నాకు మనసు రాలేదు. అయితే డబ్బు ఇచ్చినప్పుడు గడువు అడిగే హక్కు మనకుంది. మొత్తం ముందే కట్టించుకుని నెలలు గడిచినా ఫోనెత్తని అమ్మకందారు ఒకరితో నేను పడ్డ టెన్షన్ ఇంకెవరికీ వద్దు, చివరికి సగం డబ్బే తిరిగొచ్చింది. సగం అడ్వాన్సు, తయారవుతున్నప్పటి ఫొటోలు, నడుస్తున్న వీడియో చూశాక మిగతా సగం అనేవాళ్లతోనే నేను ఇప్పుడు వ్యవహరిస్తున్నా.

ఆర్డరు ఇచ్చేటప్పుడే ఇరుసు గేర్ల సెట్టు ఒకటి, పాంటోగ్రాఫ్ ఒకటి, రబ్బరు రింగులు అదనంగా తీసి పెట్టుకోండి. ఇంత చిన్న వర్క్‌షాపులు ఒక మోడల్ పాతిక ముప్పై చేసి తర్వాతదానికి వెళ్లిపోతాయి, ఏళ్ల తర్వాత అడిగితే ఇవ్వాలని వాళ్లకున్నా ఆ ఫైలుకి మళ్లీ మిషన్ ఖాళీ ఉండదు. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, విరిగింది కొరియర్లోనా వర్క్‌షాపులోనా అన్న గొడవే ఉండదు.