పాత గ్రాఫింగ్ కాలిక్యులేటర్: కాసియో ఎఫ్‌ఎక్స్-7000జీనా, టీఐ-81నా?

సమీకరణాలకు గ్రాఫులు గీసే ఈ రెండు కాలిక్యులేటర్లకూ తెర ఒకటే, 96×64 చుక్కలు. తేడా అంతా లోపలే.

1985లో వచ్చిన ఈ కాసియో, మొత్తం గ్రాఫింగ్ కాలిక్యులేటర్లలోనే మొదటిది. ప్రోగ్రాములకు మెమరీ 422 బైట్లే. ఒక్కో ఆదేశం పొదుపుగా రాసుకోవాలి, సరదా కూడా అందులోనే ఉంది. 1990 నాటి టీఐ (టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్)-81లో జెడ్80 ప్రాసెసర్, 2400 బైట్లు. వాడుకకు ఇదే సుఖం. లింక్ పోర్టు (వైరుతో మరో యంత్రానికి కలిపే సాకెట్) మాత్రం రెండింటికీ లేదు, ప్రోగ్రాములు చేత్తో కొట్టుకోవాల్సిందే.

కొనేటప్పుడు ముందు బ్యాటరీ అర చూడండి. కాసియోవి మూడు సీఆర్2032 బిళ్లలు, కారడం అరుదు. టీఐవి నాలుగు ట్రిపుల్-ఏలు. ఆల్కలైన్ సెల్స్ ఏళ్ల తరబడి లోపలే ఉండిపోతే కారి స్ప్రింగులను తినేస్తాయి. తెల్లటి పొడి కనిపిస్తే దూదిపుల్లకు కొంచెం తెల్ల వెనిగర్ అద్ది తుడిచి, ఆపై ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి ఆరనివ్వాలి. స్ప్రింగు తెగిపోయి ఉంటే బేరం మానుకోండి.

తర్వాత కాంట్రాస్ట్ చివరికంటా పెంచండి. తెరంతా నల్లబడినా ఏదైనా గీత తెల్లగా మిగిలితే ఆ వరుస కనెక్షన్ పోయినట్టే.

అల్మారాలో దాచడానికైతే కాసియో, రోజూ మీటలు నొక్కడానికైతే టీఐ.