చెక్క చాకు కిట్లు: రెండేళ్లు, ఆరు చాకులు

మా ఇంట్లో ఒక సొరుగు లాగితే ఆరు చెక్క చాకులు దొర్లుతాయి. వాటిలో నాలుగు ఇప్పటికీ టక్కుమని తెరుచుకుని టక్కుమని మూసుకుంటాయి. ఒకటి తెరుచుకుంటుంది గానీ తెరిచిన చోట నిలవదు, తల వేలాడేస్తుంది. ఇంకొకటి చేసిన రోజు నుంచి ఈ రోజు దాకా ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. ఆరూ పిల్లలతో కూర్చుని చేసినవే. మొదటి కిట్ తెచ్చినప్పుడు పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి అప్పుడే ఐదు దాటింది. ఇప్పటికి రెండేళ్లు దాటింది కాబట్టి, పెట్టె విప్పిన ఉత్సాహంలో కాకుండా, వాడి వాడి అరిగాక ఏం మిగిలిందో చెబుతాను.

పెట్టెలో ఉండేది తక్కువే. పిడికి అటూ ఇటూ రెండు పలకలు, ఒక బ్లేడు, వెన్నులో కూర్చునే స్ప్రింగ్ ముక్క, ఖాళీ నింపడానికి ఒక చిన్న చెక్క, మూడు చీలలు, బొటనవేలంత జిగురు ట్యూబు, శాండ్‌పేపర్ ముక్క. స్ప్రింగ్‌తో సహా అన్నీ చెక్కవే. బ్లేడుకి పదును ఉండదు, మొన గుండ్రంగా ఉంటుంది. పెట్టె మీద అరగంటలో అయిపోతుందని రాసి ఉంది. మాకు మొదటిది రెండు సాయంత్రాలు పట్టింది. జిగురు ఆరడానికి ఒక రాత్రి వదిలేయాలని, ఆ రాత్రే పిల్లలకు అన్నిటికంటే కష్టమైన పని అని పెట్టె మీద రాయరు కదా.

ముందుగా మసి సంగతి. మేం చేసిన ఆరింటిలో ఐదు, ముక్కల్ని లేజర్‌తో కోసిన కిట్లు. అంచులన్నీ నల్లగా మాడి ఉంటాయి. పలకలోంచి ముక్కలు విడదీసేసరికే పిల్లల వేళ్లు, మొహాలు, టేబుల్ మీద గుడ్డ, అన్నీ నలుపు. మరకలు కడిగితే పోతాయి, అసలు ఇబ్బంది వేరే ఉంది. మాడిన అంచు మీద జిగురు సరిగా పట్టదు. మొదటి చాకులో వెన్ను దగ్గరి ముక్క నెల తిరక్కుండానే ఊడి వచ్చింది. ఆ తర్వాత నుంచి ఏ అంచుకి జిగురు రాయాలో ఆ అంచుని 120 నంబరు శాండ్‌పేపర్‌తో అసలు చెక్క రంగు కనిపించేదాకా రుద్దాకే ముట్టుకుంటున్నాం. కిట్‌తో ఇచ్చే ముక్క సగంలోనే అరిగిపోతుంది. గరుకు నుంచి నున్నన దాకా 120, 220, 400 మూడు రకాలూ విడిగా కొని పెట్టుకోండి. దానికి తోడు ఒక చిన్న ఆకురాయి కూడా ఉంటే ఇంకా హాయి.

ఇక టక్కు. ఈ బొమ్మ ప్రాణం అంతా ఆ శబ్దంలో ఉంది. బ్లేడు కింది చివర, చీల గుచ్చే చోటుని మా ఇంట్లో మడమ అంటాం. మడమకి రెండు వైపులు చదునుగా ఉంటాయి, మధ్యలో ఒక మూల ఉంటుంది. వెన్నులోని స్ప్రింగ్ ఎప్పుడూ ఆ మడమని నొక్కుతూ ఉంటుంది. చాకు మూసి ఉంటే ఒక చదును మీద ఆనుతుంది, పూర్తిగా తెరిస్తే రెండో చదును మీద. మధ్యలో ఆ మూల స్ప్రింగ్‌ని పైకి నెడుతుంది. మూల దాటగానే స్ప్రింగ్ టక్కుమని చదును మీద పడుతుంది. జేబులో పెట్టుకునే మడత చాకుల్లో చాలావాటి లోపల జరిగేది ఇదే, కాకపోతే వాటిలో ఉక్కు ఉంటుంది.

ఇది నేను చెప్పి నేర్పింది కాదు. రెండో చాకు చేసేటప్పుడు ఒక పలక అతికించకుండా, ఒక వైపు తెరిచి ఉంచి, చీల మీద బ్లేడుని తిప్పుతూ కూర్చుంది పాప. పదిసార్లు తిప్పి, "అమ్మా, ఆ మూల దగ్గర స్ప్రింగ్ ఊపిరి బిగపడుతోంది చూడు" అంది. ఇంతకంటే బాగా నేను చెప్పలేను. మీరూ పలకలు అతికించే తొందరలో ఈ దశని దాటేయకండి. మూతపడ్డాక లోపల ఏం జరుగుతుందో ఇక కనిపించదు.

అదే పాప అదే సాయంత్రం ఇంకో పాఠం కూడా నేర్చుకుంది. బ్లేడు గట్టిగా తిరుగుతోందని మడమ మూలని నున్నగా గుండ్రంగా రుద్దేసింది. తల వేలాడేసే చాకు అదే. మూల పోతే టక్కు పోయినట్టే, చెక్కని మళ్లీ అతికించలేం. గట్టిగా ఉంటే రుద్దాల్సింది మడమ మూలని కాదు, బ్లేడు పక్కల్ని. అది కూడా 400 నంబరుతో, రెండు రుద్దులకొకసారి పెట్టి చూసుకుంటూ. ఇంకా బిగుతుగా ఉంటే పక్కలకి కొవ్వొత్తి రాయండి, చాలు. నూనె మాత్రం వద్దు. చెక్క దాన్ని తాగేస్తుంది, తర్వాత జిగురు కూడా పట్టదు.

స్ప్రింగ్ విషయంలో నేను చేసిన పొరపాటు కూడా ఒప్పుకోవాలి. బాబు వేళ్లకి తెరవడం కష్టంగా ఉందని స్ప్రింగ్‌ని 4 మిల్లీమీటర్ల నుంచి 3కి అరగదీశాను. పావు వంతే కదా తగ్గింది, కాస్త మెత్తబడుతుందిలే అనుకున్నాను. వంగే పట్టీ బిగువు దాని మందం ఘనాన్ని బట్టి, అంటే మందాన్ని మూడుసార్లు గుణించిన లెక్కన మారుతుంది. అంటే 4కి 64 అనుకుంటే 3కి 27. సగం కూడా మిగల్లేదు. చాకు జేబులో దానంతట అదే తెరుచుకునేంత మెత్తబడింది, మూడు వారాలకు స్ప్రింగ్ విరిగింది. చదువుకున్న లెక్క చేతికి తగిలేసరికి ఇన్నేళ్లు పట్టింది నాకు.

ప్లైవుడ్ కిట్ అయితే స్ప్రింగ్ ముక్కని వెలుతుర్లో పెట్టి చూడండి. పై పొర పోగులు ముక్క పొడవునా నడవాలి. అడ్డంగా నడిస్తే ఆ స్ప్రింగ్ ఎక్కువ కాలం ఉండదు. మా ఐదో కిట్‌లో పోగులు అడ్డంగానే వచ్చాయి, నలభయ్యో యాభయ్యో సార్లు తెరిచేసరికి పుటుక్కుమంది. మార్చి ఇమ్మని అడిగితే ముక్క మాత్రం ఇవ్వం, కిట్ మొత్తం కొనుక్కోండి అన్నారు. స్ప్రింగ్ బదులు రబ్బరు బ్యాండుతో నడిచే కిట్ కూడా ఒకటి చేశాం. చేయడం సులువే గానీ టక్కు ఉండదు, ఊరికే లాగినట్టుంటుంది. ఏడాదికి రబ్బరు గట్టిపడి తెగింది. కొత్తది వేయడానికి ఒక్క నిమిషం పడుతుంది, అది దాని మంచి గుణం.

తెరుచుకోని చాకు కథ కూడా చెప్పేయాలి. అది బాబు చేసింది. చీల చుట్టూ జిగురు కారితే వాడు దాన్ని వేలితో తుడిచి లోపలికే తోశాడు. బట్టల క్లిప్పులు పెట్టి రాత్రంతా ఉంచాం. పొద్దున్నే పళ్లు కూడా తోముకోకుండా వచ్చి లాగాడు. రాలేదు. నేను లాగాను. రాలేదు. వాడి కింది పెదవి వణకడం మొదలైంది. అప్పుడు పాప చాకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "ఒరేయ్, ఇది తాళం వేసిన చాకురా, దొంగలు కూడా తీయలేరు" అంది. ఏడుపు ఆగింది. అప్పటి నుంచి దాని పేరు తాళం చాకు.

దాని పుణ్యమా అని ఇప్పుడు మేం చేసే పద్ధతి వేరు. బ్లేడుకి, పలకకి మధ్య నోట్‌బుక్ కాగితం ముక్క పెడతాం. చీల చుట్టూ పట్టేలా ఒక పక్కనుంచి గాడిలా కోసి, దానికి కొవ్వొత్తి రుద్ది పెడితే జిగురు ఆరాక పక్కకి లాగి తీసేయొచ్చు. కాగితం మందం మిల్లీమీటరులో పదో వంతు. బ్లేడు కదలడానికి ఆ సందు సరిపోతుంది. జిగురు మాత్రం అగ్గిపుల్ల చివరతోనే. పిల్లల చేతికి ట్యూబు ఇవ్వకండి.

జిగురు గొడవే లేకుండా మరలతో బిగించే కిట్లు కూడా ఉన్నాయి, మా నాలుగోది అదే. నా ఓటు దానికే. ఎన్నిసార్లైనా విప్పొచ్చు, మళ్లీ బిగించొచ్చు, తప్పు చేసినా చాకు పోదు. మర మరీ బిగిస్తే బ్లేడు కదలదు, వదులు చేస్తే ఊగుతుంది. ఆ మధ్య ఎక్కడో సరైన చోటు ఉంటుంది, పావు తిప్పు అటూ ఇటూ. ఆ పావు తిప్పుని వేళ్లతో పట్టుకోవడం ఆరేళ్ల పిల్లాడికి వచ్చేసింది. చూడ్డానికి చీలల చాకంత అందంగా ఉండదనేది ఒక్కటే దీనికి లోటు.

ఆ కిట్‌లోనే పిడికి రెండు అంచుల్లోనూ పనిముట్లు ఉన్నాయి. ఒక పక్క బ్లేడు, రెండో పక్క స్క్రూడ్రైవర్ ఆకారం. పాప ముక్కలు లెక్కపెట్టి, "స్ప్రింగ్ ఒకటే ఇచ్చారు, ఇంకోటి పోయింది" అని గొడవ. పోలేదు. మధ్యలో ఉన్న ఒకే స్ప్రింగ్ అటు దాన్నీ ఇటు దాన్నీ నొక్కుతుంది. స్విట్జర్లాండ్‌లో చాకులు చేసే కార్ల్ ఎల్సెనర్ 1897లో నమోదు చేయించుకున్న ఆఫీసర్ల చాకులోని ఉపాయం ఇదే. ఒకే స్ప్రింగ్‌తో రెండు వైపులా పనిముట్లు నిలిపాడు కాబట్టి అంత చిన్న పిడిలో అన్ని పట్టాయి. ఇప్పుడు మనం స్విస్ ఆర్మీ చాకు అంటున్నదానికి మూలం అదే. ఇది చెప్పాక స్ప్రింగ్‌ని అటూ ఇటూ నొక్కి చూస్తూ పాప చాలాసేపు మాట్లాడలేదు.

భద్రత గురించి అందరూ అడుగుతారు. చెక్క బ్లేడు కోయదు, కానీ పిండుతుంది. తెరిచిన చాకుని పుస్తకం అంచుకి వెనకవైపు నుంచి నొక్కాడు బాబు, అది మూసుకుని వాడి చూపుడువేలిని గాట్లో పట్టేసింది. చర్మం కమిలి ఎర్రటి గీత పడింది. స్ప్రింగ్ చాకుకి తాళం ఉండదు, వెన్ను మీద నొక్కితే వేళ్ల మీదకే మూసుకుంటుంది. ఉక్కు చాకుతో ఈ సంగతి తెలిసి ఉంటే ఆసుపత్రికి పరిగెత్తేవాళ్లం. ఫ్రాన్స్‌కి చెందిన ఒపినెల్ చాకులకి 1955 నుంచి మెడ దగ్గర, తిప్పితే బ్లేడు మూసుకోకుండా ఆపే ఉంగరం పెట్టింది ఇందుకేనని బొమ్మ గీసి చూపించాను. అలాంటిదే కావాలని అట్టతో ఉంగరం చేసుకున్నాడు. పనిచేయదు. వాడికి మాత్రం పనిచేస్తుంది.

మా ఇంట్లో నియమాలు రెండే. ఎవరికైనా ఇచ్చేముందు మూసి ఇవ్వాలి. తెరిచేముందు చెయ్యి బారుగా చాపి చుట్టూ తిరగాలి, ఎవరికైనా తగిలితే తెరవకూడదు. రెండోది స్కౌట్లు అసలు చాకులతో పాటించే పద్ధతే. ఇంకో మాట, బడికి పంపకండి. బాబు ఒకసారి బ్యాగులో వేసుకెళ్లాడు. సాయంత్రం బడి నుంచి నాకు ఫోను, ఆ వెనకే టెన్షన్. చెక్కదే అని ఎంత చెప్పినా ఆకారం చాకుదే కదా, వాళ్లని తప్పు పట్టలేను.

రంగుల విషయంలో అనుభవం ఒక్క ముక్కలో: పిడికి వేయండి, బ్లేడుకి వద్దు. పెయింటు పొర మందానికే బ్లేడు సందులో ఇరుక్కుంటుంది. ఒక చాకుకి అంతా అయ్యాక పిడి బయటివైపు మాత్రం అవిసె నూనె పట్టించాం, రంగు భలే తేలింది. కానీ ఆ నూనె తుడిచిన గుడ్డని ఉండగా చుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు లోపల వేడి పుట్టి దానంతటదే అంటుకోగలదు. విడదీసి బయట ఆరేయాలి. పిల్లలున్న ఇంట్లో తేనెమైనం చాలనిపించింది నాకు. వానలు పట్టిన రోజుల్లో మాత్రం అన్ని చాకులూ కాస్త బిగుసుకుంటాయి, ఎండ రాగానే మామూలే. పాడైందనుకుని అరగదీయకండి.

వయసు మాటకొస్తే, ఐదేళ్లకి ఇది పిల్లల పని కాదు, మన పని. వాళ్లు రుద్దుతారు, మనం చేస్తాం. ఏడు దాటాక మడమ, స్ప్రింగ్ తప్ప మిగతాదంతా వాళ్లకే వదిలేయొచ్చు. తొమ్మిది దాటితే మనం పక్క గదిలో ఉంటే మేలు. ఒకేసారి ఇద్దరు పిల్లలకి ఒక కిట్ మాత్రం ఎప్పుడూ తేవద్దు.

విరిగిన స్ప్రింగుల్లో ఒకదాన్ని మొన్న పాపే బాగుచేసింది. డాక్టర్లు నాలుక నొక్కి చూసే చెక్క పుల్లలు రెండు ఒకదాని మీద ఒకటి అతికించి, రాత్రంతా క్లిప్పులు పెట్టి, పాత ముక్క ఆకారంలో కోసింది. మందం 3 మిల్లీమీటర్లు దాటింది. ఇంతకుముందుకంటే కాస్త పొడిగా, ఎత్తుగా పలుకుతోంది. సరిచూద్దామని వంటింట్లో నిలబడి నేను తెరిచి మూశాను. లోపలి గదిలోంచి బాబు అరిచాడు: "అమ్మా, అది అక్కది, దాన్ని వదిలెయ్. నాది సొరుగులో ఉంది."