ఒక పొట్ట, రెండు తలలు: నరసాపురం లేసు గండభేరుండం

వస్తువు: గుమ్మానికి పైన కట్టే గళ్ల లేసు తోరణం. వెడల్పు 36 అంగుళాలు, కిందికి జారే పొడవు 14 అంగుళాలు. 20 నంబరు తెల్ల నూలు దారం. నరసాపురంలో ఒక చిన్న దుకాణంలో 1,850 రూపాయలు. మధ్యలో రెండు తలల పురాణ పక్షి గండభేరుండం, అంచున తామర మొగ్గలు. దీనికి జతగా హంసల దిండు గలీబు కూడా అమ్ముతున్నారు. దాని సంగతి చివర్లో.

గళ్ల లేసులో బొమ్మంతా రెండే రెండు గళ్లతో నడుస్తుంది, ఖాళీ గడి, నిండు గడి. ఒక నిలువు కుట్టు తర్వాత రెండు గొలుసు కుట్లు వేస్తే ఖాళీ గడి. ఆ రెండు గొలుసుల చోట కూడా నిలువు కుట్లే పడితే నిండు గడి. అంటే గడికి మూడు కుట్లు, వరుస చివర మూసేందుకు ఒకటి అదనం. ఈ తోరణంలో అడ్డంగా 181 గళ్లు, అంటే వరుసకు 544 కుట్లన్నమాట. నిలువునా 71 వరుసలు.

181 అని ఎందుకు పట్టి చెబుతున్నామంటే, గండభేరుండం బతుకంతా ఆ బేసి లెక్కలోనే ఉంది. ఒకే పొట్ట మీంచి రెండు మెడలు చీలి, అటొకటి ఇటొకటి తిరగాలి. 91వ గడి నడుమ పడితే దానికి రెండు పక్కలా తొంభయ్యేసి వస్తాయి. తోక మధ్య ఈకా, రొమ్ము గీతా ఆ ఒక్క నిలువు వరుసలోనే నిలబడతాయి. 180 వేస్తే నడిమి గడి ఉండదు. ఒక్క గడి వెడల్పు ఈకను ఎటు జరిపినా ఒక తల దగ్గరా ఒక తల దూరమూ అవుతుంది. చవక తోరణాల్లో పక్షి మెడ పట్టేసినట్టు కనిపించేది ఇందుకే. ఇది అల్లినావిడకు లెక్క బాగా తెలుసు. మెడ వంపులో మూడు గళ్లు, రెండు, మళ్లీ మూడు, ఇలా సన్నబడి లావెక్కుతుంది కాబట్టి మెట్లు మెట్లుగా కాకుండా నిజంగానే వంగినట్టుంది.

కన్ను దగ్గర మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని చూడండి. నిండు గళ్ల తలలో ఒకే ఒక్క ఖాళీ గడి, అదే కన్ను. అదే దుకాణంలో చూపించిన రెండో తోరణంలో కుడి తల కన్ను పూడిపోయింది. గుడ్డి పక్షి! క్రోషే, అంటే కొక్కెం సూది అల్లిక, పై వరుస నుంచే విడుతుంది గనక, కన్ను తెరవాలంటే దాని పైనున్న వరుసలన్నీ విప్పాల్సిందే. అమ్మేవాళ్లు మడత మీదే చూపిస్తారు, విప్పించి వెలుతురుకి పట్టండి. పక్క అంచులు కూడా తడమండి. వరుస తిరిగేటప్పుడు వేసిన ఐదు గొలుసుల్లో, వచ్చే వరుస చివరి కుట్టు మూడోదాంట్లో పడాలి. అది మర్చిపోతే ఒక గడి తగ్గి, తోరణం పక్కకు ఏటవాలుగా కోసినట్టవుతుంది. మేం చూసిన రెంటిలోనూ ఆ తప్పు లేదు.

లోటు ఏనుగుల్లో ఉంది. గండభేరుండం ముక్కుల్లో, గోళ్లలో ఏనుగుల్ని పట్టుకుంటుందని కదా ప్రసిద్ధి. విజయనగరాన్ని 1529 నుంచి 1542 వరకు ఏలిన అచ్యుతదేవరాయలు వేయించిన బంగారు నాణెం అంత చిన్న బిళ్ల మీద కూడా ఏనుగులున్నాయి. ఇక్కడ ముక్కులు ఖాళీ. గోళ్లలో ఏడేసి గళ్ల ముద్దలున్నాయి, చూస్తే పనసకాయలనిపిస్తాయి. తొండం తెలియాలంటే ఏనుగుకు కనీసం పదిహేను గళ్లయినా కేటాయించాలి, తామర మొగ్గలు తగ్గిస్తే ఆ చోటు దొరికేది.

వెంట ఇచ్చిన చీటీలో కథ మరీ అన్యాయం. హిరణ్యకశిపుణ్ణి చంపడానికి గండభేరుండం పుట్టిందని అచ్చేశారు. హిరణ్యకశిపుణ్ణి చంపింది నరసింహుడు. ఆ ఉగ్రం చల్లార్చడానికి శివుడు శరభమనే వింత మృగమై వచ్చాడని శైవులు చెబుతారు. ఆ శరభాన్ని ఎదుర్కోవడానికి నరసింహుడే గండభేరుండమయ్యాడని వైష్ణవుల మాట. రేవు దాటితే అంతర్వేది నరసింహస్వామి ఉన్న ఊళ్లో అమ్మే చీటీ ఇది! ఇక చీటీ రెండో పేరాలో, ఒక తల మీద కోపంతో రెండో తల విషప్పండు తిని రెండూ చచ్చిన కథ అతికించారు. అది పంచతంత్రంలోని భారుండ పక్షి కథ. పోలిక ఉంది గానీ, అన్నదమ్ములకు చెప్పాల్సిన కథ గుమ్మానికి శుభమని కట్టే తోరణంతో ఎవరిస్తారు?

అసలు చేతి అల్లికేనా అన్న అనుమానం అక్కర్లేదు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ పేరుతో మిషను సరుకూ తిరుగుతోంది. మిషను లేసులో కుట్టు కింద సన్నపు అడ్డదారాలు కనిపిస్తాయి, అంచు కత్తిరించి ఉంటుంది. దీన్ని తిప్పి చూస్తే ప్రతి కుట్టూ విడివిడిగా కనిపిస్తుంది, దారం కొసలు వెనక్కి దూర్చి ఉన్నాయి.

ఉతకడం: చల్లని నీళ్లలో, తేలికపాటి సబ్బుతో, పిండకుండా. కుంకుడు రసం వద్దు, తెలుపు పసుపెక్కుతుంది. గంజి పల్చగా ఉండాలి, చిక్కనైతే ఖాళీ గళ్లలో పొరకట్టి కళ్లు మళ్లీ పూడతాయి. తువ్వాలు మీద పరిచి, గడి గడీ చదరంగా లాగి గుండుసూదులు గుచ్చి ఆరబెట్టాలి. తుప్పు పట్టని సూదులే వాడండి, సముద్రపు గాలికి మామూలు సూది ఒక్క రాత్రిలో గోధుమ మరక దింపుతుంది. వానాకాలం గంజి పెట్టి దాచకండి, బూజు పడుతుంది.

హంసల గలీబు తీసుకోవద్దు. అడ్డంగా 61 గళ్లలోనే రెండు హంసల్ని ఇరికించడంతో మెడ రెండు గళ్ల మందాన నిటారుగా నిలబడింది. పాలూ నీళ్లూ వేరుచేసే హంసని అడిగితే పంటకాలవలో బాతుల్ని ఇచ్చారు. హంసే కావాలంటే ఒక గలీబుకి ఒకటే అల్లించుకోండి, గళ్ల కాగితం మీద బొమ్మ ముందు చూపించమనండి.