ఫ్యాను తిరిగే గదిలో వాల్వు ఆంప్: బాటిల్‌హెడ్ క్రాక్‌తో డీటీ 770 ప్రో

వాల్వు ఆంప్ (గాజు బుడ్డిలాంటి వాల్వులతో పనిచేసే యాంప్లిఫయర్) కొన్నవాళ్లు దానికి ఓపెన్ బ్యాక్, అంటే కప్పు వెనక తెరిచి ఉండే హెడ్‌ఫోనే తగిన జోడీ అంటారు. తలుపులు వేసుకుని, చప్పుడు లేని గదిలో కూర్చునేవాళ్లకి ఆ మాట నిజమే. కానీ మన ఇళ్లలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, ఎండాకాలం వస్తే కూలరు కూడా తోడవుతుంది. వంటింట్లో కుక్కరు, వీధిలో కూరగాయల బండి మైకు సరేసరి. ఇంత చప్పుడులో ఓపెన్ బ్యాక్ పెట్టుకుంటే తంబూరా శ్రుతి ఫ్యాను హోరులో కలిసిపోతుంది. దాన్ని వినాలని వాల్యూమ్ పెంచితే చెవులకే చేటు. అందుకే నేను కప్పు వెనక మూసి ఉండే క్లోజ్డ్ బ్యాక్ తీసుకున్నాను. కొన్నేళ్లుగా దాదాపు రోజూ వింటున్నవి బాటిల్‌హెడ్ క్రాక్ అనే వాల్వు ఆంప్, బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో అనే హెడ్‌ఫోన్‌లో 250 ఓమ్‌ల రకం. రెండూ కలిసి చాలా బాగా పలుకుతాయి. అయితే అది ఆ 250 అనే అంకె చలవే. అది హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్, అంటే కరెంటుని అది ఎంత అడ్డుకుంటుందో ఓమ్‌లలో చెప్పే కొలత. ఎందుకో వివరంగా చెప్పాలి, ఎందుకంటే హెడ్‌ఫోన్ పెట్టె మీద అందరూ చూడకుండా వదిలేసే అంకె అదే.

క్రాక్ అమెరికాలో తయారయ్యే కిట్. విడిభాగాలు వస్తాయి, సోల్డరింగ్ మనమే చేసుకోవాలి. ఇందులో ఒక 12ఏయూ7, ఒక 6080 వాల్వు ఉంటాయి. ఒక్కో గాజు బుడ్డిలో రెండేసి ట్రయోడ్‌లు (సిగ్నల్‌ని పెంచే భాగాలు), ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి. వోల్టేజీ పెంచే పని 12ఏయూ7ది, హెడ్‌ఫోన్‌కి కరెంటు అందించే పని 6080ది. ఈ 6080ని మొదట పాటల కోసం చెయ్యలేదు, పవర్ సప్లైలలో వోల్టేజీ నిలకడగా ఉంచడానికి చేశారు. దాని ప్లేట్ రెసిస్టెన్స్ (వాల్వు లోపలి నిరోధం) 280 ఓమ్‌లే. వాల్వుల్లో ఇది చాలా తక్కువ. అందుకే వాల్వుకీ హెడ్‌ఫోన్‌కీ మధ్య పెట్టే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండానే హెడ్‌ఫోన్‌ని నేరుగా నడపగలుగుతోంది. ఈ పద్ధతిని ఓటీఎల్ (ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లెస్) అంటారు. ఇంత చేసినా క్రాక్ ఔట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే ఆంప్ వైపు ఉండే నిరోధం, 120 ఓమ్‌ల దగ్గర ఆగుతుంది. మామూలు ట్రాన్సిస్టర్ ఆంపుల్లో ఇది ఒకటి రెండు ఓమ్‌లు, అంతకన్నా తక్కువ కూడా ఉంటుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఆంప్ లోపల ఒక వోల్టు పుట్టిందనుకుంటే, 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి అందులో 0.68 వోల్టు చేరుతుంది. ఇదే డీటీ 770 ప్రోలో 32 ఓమ్‌ల రకం తగిలిస్తే చేరేది 0.21 వోల్టే, మిగతాదంతా ఆంప్‌లోనే పోతుంది. పైగా అంతే వోల్టేజీకి 32 ఓమ్‌ల రకం దాదాపు ఎనిమిది రెట్లు కరెంటు లాగుతుంది, 6080 దగ్గర అంత కరెంటు లేదు. ఒక మిత్రుడి దగ్గర 32 ఓమ్‌లది తెచ్చి ఇదే ఆంప్ మీద విన్నాను. మృదంగం గట్టిగా పడ్డ ప్రతిచోటా పాడేవాళ్ల గొంతు బరకగా వినిపించింది. 250 రకంలో ఆ ఇబ్బంది అసలు లేదు. దీని సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే కొలత) ఒక మిల్లీవాట్‌కి 96 డెసిబెల్స్. కచేరీలో హఠాత్తుగా ఎగసే శబ్దం 110 డెసిబెల్స్ దాకా వెళ్లినా 25 మిల్లీవాట్లు, అంటే రెండున్నర వోల్టులు చాలు. క్రాక్ ఆ మాత్రం అలవోకగా ఇస్తుంది.

ఇక అసలు సంగతి, వినికిడి. డీటీ 770 స్వభావం తెలిసినవాళ్లకి తెలుసు: కింద బాస్, పైన ట్రెబుల్ ఎత్తుగా ఉంటాయి, గొంతులు ఉండే మధ్యభాగం ఒక అడుగు వెనక నిలబడుతుంది. ట్రాన్సిస్టర్ ఆంప్ మీద నాకు అదే లోటుగా అనిపించేది. క్రాక్ మీద గొంతుకి ఒళ్లు వస్తుంది. ఘంటసాల మంద్రంలోకి దిగినప్పుడు ఆ ఛాతీ బరువు, సుశీల పలుకులో ఆ నునుపు పాత మోనో రికార్డుల్లో కూడా స్పష్టంగా దొరుకుతాయి. ఇందులో మాయేమీ లేదు. ఇలాంటి ట్రయోడ్ ఆంప్ కలిపే వక్రీకరణలో (అసలు పాటలో లేని చేర్పులో) పెద్ద భాగం రెండో హార్మోనిక్, అంటే అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీ. మధ్యస్థాయి షడ్జం పాడితే దాని రెండో హార్మోనిక్ తారషడ్జమే కదా! అపస్వరం కాని చేర్పు కాబట్టి చెవి దాన్ని నిండుదనంగానే తీసుకుంటుంది. వీణ, సారంగి, వేణువు, ఒంటరి గొంతు, వీటికి ఈ జోడీని మించినది నా బడ్జెట్‌లో నేను వినలేదు.

బాస్ దగ్గర మాత్రం జాగ్రత్తగా మాట్లాడాలి. మూసిన కప్పు వల్ల బాస్ అప్పటికే ఎక్కువ. దానికి తోడు, హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్ ఏ ఫ్రీక్వెన్సీలో పెరిగితే అక్కడ 120 ఓమ్‌ల ఆంప్ శబ్దాన్ని కాస్త పెంచుతుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి ఓపెన్ బ్యాక్‌లో 100 హెర్ట్జ్ చుట్టుపక్కల ఈ పెరుగుదల పెద్దది, డీటీ 770లో చిన్నదే. అయినా మృదంగంలో తొప్పి వైపు నాదం ఒక క్షణం ఎక్కువసేపు నిలుస్తుంది. కచేరీలకి అది నాకు ఇష్టం. ఇప్పటి సినిమా పాటల్లో ఎలక్ట్రానిక్ బాస్‌కి అది పనికిరాదు, ముద్దగా అవుతుంది. అలాంటి పాటలు నేను ఈ ఆంప్ మీద వినను.

ట్రెబుల్ విషయంలో ఒక అపోహ ఉంది, వాల్వు పెడితే పదును తగ్గుతుందని. తగ్గదు. 8 కిలోహెర్ట్జ్ దాటాక ఈ హెడ్‌ఫోన్‌కి ఉన్న శిఖరం అక్కడే ఉంటుంది. ‘స’, ‘శ’ గుచ్చుకుంటాయి, తాళాల చప్పుడు చురుక్కుమంటుంది. నేను ప్లేయర్‌లోనే ఈక్వలైజర్‌తో అక్కడ మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గించాను. సమస్య తీరింది.

క్లోజ్డ్ బ్యాక్‌తో వచ్చే చిక్కు మరొకటి ఉంది. బయటి చప్పుడు తగ్గింది కాబట్టి ఆంప్ లోపలి చప్పుడంతా బయటపడుతుంది. ఫ్యాను హోరులో దాక్కునే 50, 100 హెర్ట్జ్ హమ్ (కరెంటు సరఫరా వల్ల వచ్చే సన్నటి మోత) ఇక్కడ దాక్కోలేదు. డెస్క్‌టాప్ కంప్యూటర్ నుంచి యూఎస్‌బీ డీఏసీకి (డిజిటల్ పాటని ఆంప్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పరికరానికి), దాని నుంచి ఆంప్‌కి వెళ్లే దారిలో గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్ తీగల మధ్య ఏర్పడే చుట్టు) ఉంటే ఇట్టే వినబడుతుంది. అదే డీఏసీని బ్యాటరీ మీద నడిచే ల్యాప్‌టాప్‌కి పెడితే పోతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి వెళ్లినప్పుడు, అది స్క్వేర్ వేవ్ రకమైతే బుర్రుమనే మోత వస్తుంది. వాల్వు ఆంప్ కొనాలనుకునేవాళ్లు ముందు ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉందో లేదో చూసుకోండి. 12ఏయూ7ని వేలితో తడితే గంటలా మోగడం మామూలే. టేబుల్ కదలకుండా ఉంటే చాలు.

వేడి సంగతి. 6080ని లోపలి నుంచి వేడెక్కించే హీటర్ ఒక్కటే 6.3 వోల్టుల దగ్గర 2.5 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే దాదాపు 16 వాట్లు. మే నెలలో మధ్యాహ్నం పూట దాన్ని పక్కన పెట్టుకుని, చెవులకి వెలూర్ (వెల్వెట్ లాంటి గుడ్డ) ప్యాడ్‌లు తగిలించుకుని గంటసేపు కూర్చోవడం కష్టమే, నేను రాత్రి తొమ్మిది దాటాకే వేస్తాను. ఆన్ చేసి కొన్ని నిమిషాలు ఆగి, ఆ తర్వాతే హెడ్‌ఫోన్ గుచ్చాలి. పిల్లలున్న ఇంట్లో గాజు చెయ్యి కాల్చేంత వేడెక్కుతుందని గుర్తుంచుకోవాలి. లోపల 150 వోల్టుల పైన ఉంటుంది, స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో కాసేపు నిలిచి ఉంటుంది. కిట్ కట్టేవాళ్లకి ఇది ప్రాణం మీది విషయం.

వాల్వులు మార్చి మార్చి వినే సరదా గురించి ఎక్కువ చెప్పను. స్లొవేకియా జేజే, రష్యాలో చేసిన ఎలక్ట్రో హార్మోనిక్స్, పాత అమెరికన్ 12ఏయూ7లు అన్నీ పెట్టి చూశాను. తేడా ఉంది గానీ చిన్నది, అదీ ఎక్కువగా హిస్ (సన్నటి బుస), మోత తగ్గడంలో. చెవి ప్యాడ్‌లు నలిగితే వచ్చే తేడా అంతకన్నా చాలా పెద్దది. ప్యాడ్ అణిగిపోయినా, కళ్లజోడు కాడ కింద సందు ఏర్పడినా బాస్ కారిపోతుంది, ట్రెబుల్ పైకి లేస్తుంది. కొత్త వాల్వు కోసం వెతికే ముందు కొత్త ప్యాడ్‌లు వేసి వినండి.

ఇప్పటికే 32 ఓమ్‌ల క్లోజ్డ్ బ్యాక్ ఉన్నవాళ్లు క్రాక్ జోలికి పోవద్దు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న వాల్వు ఆంప్ గానీ, మంచి ట్రాన్సిస్టర్ ఆంప్ గానీ చూసుకోండి. 80 ఓమ్‌లది ఉంటే 0.4 వోల్టు చేరుతుంది, పాటలు వినబడతాయి, కానీ పైన చెప్పిన నిండుదనం రాదు. ఇంకా ఏదీ కొననివాళ్లు, కర్ణాటక సంగీతం, పాత పాటలు ఎక్కువగా వినేవాళ్లు, మరో ఆలోచన లేకుండా 250 ఓమ్‌ల రకమే తీసుకోండి.