వేలికి తగిలించే ఆక్సీమీటర్: మంచిదే, కానీ మా ఆవిడ దగ్గరుంటేనే

నాకు 64 ఏళ్లండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ముప్పయ్యేళ్లు రైస్ మిల్లులో గుమస్తాగా తవుడు దుమ్ము పీల్చాను, అది చాలదన్నట్టు లంక పొగాకు చుట్ట కూడా ఉండేది. చుట్ట మానేసి ఆరేళ్లైంది గానీ ఊపిరితిత్తులు పాత బాకీ వదల్లేదు. సీఓపీడీ అన్నారు డాక్టరు గారు, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకైపోయి గాలి సరిగ్గా ఆడకపోవడం. పూర్తిగా పోయే జబ్బు కాదు, పొద్దున సాయంత్రం ఇన్‌హేలర్ పీల్చి నోరు పుక్కిలించడం, ఏడాదికోసారి ఫ్లూ టీకా, అలా నడుస్తోంది.

ఈ ఆక్సీమీటర్ మా అమ్మాయి పోయినేడాది ఆన్‌లైన్‌లో తెప్పించింది, పన్నెండొందలు. దీనికి ముందు 2021లో, కరోనా రెండో వేవ్ టైంలో, ఒక మెడికల్ షాపులో మూడు రెట్లు పోసి ఒకటి కొన్నాను. వేలు పెడితే 97. అనుమానమొచ్చి పెన్ను పెట్టాను, పెన్నుకీ 97. తీసుకెళ్లి అడిగితే వాపసు లేదన్నారు. అందుకని ఎక్కడ కొన్నా ముందు పెన్ను పెట్టి చూడండి, అంకె చూపిస్తే అక్కడే వదిలేసి వచ్చేయండి.

కొత్తది ఆ విషయంలో పాసైంది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, సన్న సెల్స్ రెండు వేయాలి. పైన వచ్చేది రక్తంలో ఆక్సిజన్ శాతం, కిందది నాడి. వేలు పెట్టగానే వచ్చిన అంకె పట్టుకోకూడదు, చెయ్యి కదపకుండా అది నిలబడేదాకా ఆగాలి. డిసెంబరు చలిలో తెల్లారుజామున చన్నీళ్లతో మొహం కడుక్కుని పెడితే ఓసారి 84 చూపించింది, ఇంట్లో అందరూ లేచి కూర్చున్నారు. చేతులు రుద్దుకుని, వేడి టీ గ్లాసు కాసేపు పట్టుకుని మళ్లీ పెడితే 92. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్లకి ముదురు రంగు ఉన్నా దీన్ని నమ్మడానికి లేదు. మామూలుగా కూడా ఓ రెండు పాయింట్లు అటూ ఇటూ ఉంటుందట.

అసలు గొడవ మెషీన్‌తో కాదు, నాతో. మొదటి నెల మిల్లు నాటి పాత చిట్టా పుస్తకం తీసి అందులో రాయడం మొదలెట్టాను. ఒకరోజు లెక్కపెడితే 23 సార్లు రాశాను! అన్నం తిన్నాక ఒకటి, స్నానం చేశాక ఒకటి, టీవీలో వార్తలకి ముందొకటి, తర్వాతొకటి. 93 ఉన్నది 91 అయితే చాలు, అప్పటిదాకా లేని ఆయాసం అప్పుడు వచ్చేది. కాలవ గట్టు మీద టీ కొట్టుకి వెళ్లడం మానేశాను, దారిలో పడిపోతే ఎలా అని. మా ఆవిడ కూర తాలింపు పెట్టినా గొడవే.

డాక్టరు గారు ఆ పుస్తకం చూసి "ఇదేమన్నా బియ్యం బస్తాల లెక్కా అండీ?" అన్నారు. నా మామూలు అంకె 91, 93 మధ్య. రోజుకి రెండుసార్లు, అయిదు నిమిషాలు కూర్చున్నాక చూస్తే చాలన్నారు. కూర్చున్నప్పుడు కూడా 88 కంటే కింద ఉండిపోతే ఫోన్ చేయమన్నారు. ఇది నాకు చెప్పిన లెక్క, మీది మీ డాక్టరుని అడగండి. ఇంకో మాట కూడా చెప్పారు: ఇది ఆక్సిజన్ చూస్తుంది గానీ ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే చూపించదు. అంకె బాగానే ఉన్నా పొద్దున్నే తలనొప్పి, ఎప్పుడూ లేని మగత ఉన్నా, కఫం రంగు మారినా ఊరుకోకూడదు. ఆ మధ్య కోత మిషన్ వెళ్లాక పక్క చేలో గడ్డి తగలబెట్టారు. పొగకి ఛాతీ పట్టేసింది, ఇదేమో 92 చూపిస్తూ కూర్చుంది. కిటికీలు మూసుకుని లోపల కూర్చోవాలని ఇది చెప్పదుగా.

ఈ సంక్రాంతికి భోగి మంట దగ్గరికి వెళ్లలేదు, వీధి అరుగు మీంచే చూశాను. కనుమ నాడు మాత్రం జగ్గన్నతోట ప్రభల తీర్థానికి, అదే ఊళ్లవాళ్లు వెదురుతో కట్టిన దేవుడి ప్రభలు మోసుకొచ్చే జాతరకి, వెళ్లాల్సిందేనన్నాను. మా అత్తగారిది అంబాజీపేట వైపే, చించినాడ వంతెన దాటి కారులో వెళ్లాం. మాస్కు, ఇన్‌హేలర్, ఈ ఆక్సీమీటర్ జేబులో. జనం, దుమ్ము తెలిసిందే కదా, అందుకని కొబ్బరి చెట్ల కింద ఓ పక్కగా కుర్చీ వేయించుకున్నాను. కౌశిక కాలవలోంచి ప్రభని భుజాల మీద ఎత్తుకొస్తుంటే కూర్చోలేక లేచి పది అడుగులు గబగబా వేశాను, ఆయాసం వచ్చింది. చెట్టుకి చెయ్యి ఆనించి, ముక్కుతో పీల్చి, ఈల వేసేటట్టు పెదాలు ముడిచి మెల్లగా వదిలాను. రెండు నిమిషాల్లో సర్దుకుంది. ఆక్సీమీటర్ జేబులో ఉన్న సంగతి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

ఇప్పుడది మా ఆవిడ బీరువాలో ఉంటుంది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఇస్తుంది, మూడోసారి అడిగితే "ముందు టీ కొట్టుదాకా వెళ్లి రండి" అంటుంది.

అయిదుకి నాలుగు స్టార్లు. ఒకటి ఎందుకు తగ్గించానంటే, అంకెలు ఒక వైపు నుంచే సరిగ్గా కనిపిస్తాయి, తిప్పుకునే సదుపాయం లేదు. ఓ రోజు మా ఆవిడ సరదాకి తన వేలికి పెట్టుకుంటే ఎదురుగా కూర్చున్న నాకు 86 కనబడింది. "నీక్కూడా పడిపోయిందేంటే!" అని నేను అరిస్తే ఆవిడ పీట మీద కూలబడిపోయింది. తీరా అటు వెళ్లి చూస్తే 98.